సిమ్ము బాబాయి, మెట్లెక్కే గిన్నె

సిమ్ము బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. భూమ్మీద ఎక్కడ ఫిరంగి పేలినా ఆయన వచ్చి మన పొయ్యి తగ్గిస్తారు.

ఆ ఫిరంగి ఎవరిది, ఎవరి మీద పేలింది అన్నవి ఆయనకు తర్వాతి సంగతులు. సముద్రాలకు అవతల, మనకు నోరు తిరగని పేర్లున్న రెండు దేశాల మధ్య మాటా మాటా పెరిగిందని పొద్దున రేడియోలో చెబితే చాలు, ఆ వార్త పూర్తయ్యేలోగా మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. తలుపు తీసి ఉంటే నేరుగా, వేసి ఉంటే తట్టి, "ఏమ్మా, పొయ్యి వెలుగుతోందా?" అంటూ వంటగదిలోకి వచ్చేస్తారు. మంట సిమ్ములో పెడతారు. గిన్నెకు మూత లేకపోతే మూత పెడతారు, మూత కనిపించకపోతే పళ్ళెం బోర్లిస్తారు. "అక్కడ యుద్ధం జరుగుతోందమ్మా" అని మెల్లగా మందలించి పక్కింటికి వెళ్తారు. ఆయన వెళ్ళాక ఇంటావిడకు ఆ యుద్ధమేదో తనే మొదలుపెట్టినట్టు కాసేపు మనసంతా అదోలా ఉంటుంది.

ఆ అయిదంతస్తుల మేడలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. కరెంటు బిల్లు ఇచ్చే మనిషి కూడా "సిమ్ము బాబాయిగారి వాటా ఏదండీ?" అనే అడుగుతాడు. ఆయన కాపురం కింది అంతస్తులో, ఒక్కరే. ఉద్యోగమంతా ఓడరేవులో చేశారు, చమురు ఓడలు వచ్చి ఆగే చోట. ఓడ రాగానే తాళ్ళు కట్టించడం, వెళ్ళేటప్పుడు విప్పించడం ఆయన పని. రిటైరై చాలా కాలమైనా ఎక్కడో ఒక ఓడ ఆలస్యమైందని వింటే, ఇంటికి రావలసిన చుట్టం రైలు తప్పినంత కంగారు పడిపోతారు.

ఒకసారి మూడో అంతస్తు టీచరమ్మగారింట్లో టీవీలో సినిమా నడుస్తోంది. అందులో ఒకటే తుపాకుల మోత. మెట్లెక్కుతున్న బాబాయి చెవిన ఆ మోత పడింది. ఇంకేముంది, మేడ మేడంతా పొయ్యిలు తగ్గిపోయాయి. అది సినిమా అని టీచరమ్మగారు నచ్చజెప్పబోతే, "సినిమాయే కావచ్చునమ్మా, తీసినవాళ్ళు ఊరికే తీస్తారా?" అన్నారాయన. ఇంకోసారి రెండు దేశాలు మధ్యాహ్నం సంధి చేసుకున్నాయి. బాబాయి ఇల్లిల్లూ తిరిగి, ఇక నిశ్చింతగా మంట పెంచుకోండి అని చెప్పి వచ్చారు. సాయంత్రానికల్లా ఆ సంధి కాస్తా చెడింది. పాపం, ఆయన మళ్ళీ అన్ని మెట్లూ ఎక్కారు.

రెండో అంతస్తులోకి కొత్తగా వచ్చిన కోడలికి ఈ చరిత్ర ఏమీ తెలియదు. ఆ అమ్మాయి కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున పూట చకచకా వంట ముగించుకుని, మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాలి. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒకరోజు చేతిలో గరిటెతో ఇటు తిరిగి అటు చూసేసరికి, తన పొయ్యి దగ్గర ముక్కూమొహం తెలియని పెద్దాయన నిలబడి గిన్నె మీద పళ్ళెం బోర్లిస్తున్నారు. కోడలు కెవ్వుమంది. హాల్లోంచి అత్తగారు తల కూడా తిప్పకుండా, "ఎక్కడే యుద్ధం?" అని అడిగింది.

"ఎక్కడో యుద్ధమైతే మా పొయ్యికేంటి బాబాయిగారూ?" అని కోడలు నిలదీసింది.

అలా అడిగేవాళ్ళ కోసమే బాబాయి ఏళ్ళుగా ఎదురుచూస్తున్నట్టున్నారు. గట్టు మీదున్న గరాటు తీసుకుని, డబ్బాలోని చిక్కుడు గింజలు గుప్పెట్లోకి తీసుకుని గరాటులో పోయసాగారు. గింజలన్నీ గలగలా కిందికి జారుతున్నాయి. ఇవి ఓడలట. గరాటు మూతి సముద్రంలో ఒక సన్నటి సందట. ఆయన ఇంకో రెండు గింజలు ఆ మూతిలో గట్టిగా నొక్కేసరికి గరాటు మూసుకుపోయింది. కొట్టుకున్నవి ఈ రెండే, మిగతావాటికి ఏ గొడవా లేదు, అయినా అన్నీ ఆగిపోయాయి చూడు అన్నారు. "మన దగ్గర చమురు బావి లేదు, గ్యాసు బావి లేదు. నీ పొయ్యి గొట్టం ఈ గట్టు కింద మొదలైందనుకుంటున్నావా తల్లీ? ఆ సందులో మొదలైంది." పాఠం బాగానే అర్థమైంది గానీ, ఆయన గరాటు విదిలించినప్పుడు వంటగదంతా దొర్లిన చిక్కుడు గింజలు ఏరడానికి కోడలికి దుకాణం వేళ దాటిపోయింది. ఆ రోజు నుంచి బాబాయంటే ఆమెకు ఒళ్ళుమంట.

ఆ తర్వాత నిజంగానే పెద్ద యుద్ధం వచ్చింది. ఎప్పటిలాగే ఎక్కడో దూరంగా. కొట్టుకున్నది ఏవో రెండు దేశాలే, అయినా సముద్రంలో ఆ సందు మూసుకుపోయింది. ఓడలు ఆవల బారులు తీరి నిలబడిపోయాయి. ఇక్కడ గ్యాస్ దుకాణం ముందు నిల్వ లేదని బోర్డు పెట్టారు. కోడలి భర్త బస్సు డ్రైవరు, డీజిల్ చాలక అతని బస్సును ఒకరోజు తిప్పితే ఒకరోజు ఆపేశారు. కరెంటు కోతలొచ్చి మేడలో లిఫ్టు మూలబడింది. ఎవరింట్లో గ్యాసు బండ నిండుగా ఉంటే వాళ్ళు రాజులు. యుద్ధానికి ముందురోజే కొత్త బండ బిగించుకున్న టీచరమ్మగారు మెట్ల మీద నడిచే తీరే మారిపోయింది.

ఇన్నాళ్ళూ తను చెప్పిందే జరిగిందని బాబాయి ఛాతీ విరుచుకు తిరుగుతారని అందరూ అనుకున్నారు. ఆయన అలా తిరగలేదు. ఒక గిన్నె పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు.

అది దళసరి అడుగున్న గిన్నె, దానికి బరువైన మూత, చుట్టూ పాత కంబళి. పొద్దున్నే అందులో బియ్యమో బంగాళాదుంపలో నీళ్ళతో వేసుకుని కింది అంతస్తులో పక్కింటికి వెళ్తారు. వాళ్ళు టీ దింపి కూర పెట్టే సందులో, "ఆ మంట ఖాళీగా ఉంది కదమ్మా" అని తన గిన్నె ఎక్కిస్తారు. వాళ్ళు కూరలు తరిగేలోగా దించి, కంబళిలో చుట్టి, పై అంతస్తుకు ఎక్కుతారు. కంబళి లోపల వేడికి అది తనంతట తనే ఇంకాస్త మగ్గుతుంది. మళ్ళీ పై ఇంట్లో కాసేపు మంట, మళ్ళీ కంబళి. అలా అంతస్తుకింత చొప్పున ఉడుకుతూ ఆ గిన్నె మెట్లెక్కుతుంది. చివరికి దాన్ని చంకన పెట్టుకుని ఆయన పైకెక్కి మాయమవుతారు. రేడియో బాగా వినబడుతుందని డాబా మీదికెళ్ళి తింటారని అందరి నమ్మకం.

మేడంతా చెవులు కొరుక్కుంది. సొంత బండ మంచం కింద దాచుకుని ఊరివాళ్ళ గ్యాసు మీద వండుకుంటున్నాడు, ఇంత పిసినారితనం ఎక్కడైనా ఉందా అని. అందరికన్నా గట్టిగా తిట్టేది అయిదో అంతస్తు వయొలిన్ మాస్టారు. ఆయనకూ బాబాయికీ మొదటి నుంచీ ఉప్పూ నిప్పూ. ఏ యుద్ధంలోనైనా బాబాయి ఒక పక్షమంటే మాస్టారు రెండో పక్షం. మోకాళ్ళ నొప్పులతో మాస్టారు కిందికి దిగడం మానేశారు గనక, పై నుంచే మెట్ల సందులోకి తల పెట్టి అరుస్తారు. తనకైతే గ్యాసు గొడవే లేదని, ఒంటికి మంచిదని పచ్చి కూరలూ పళ్ళతోనే గడిపేస్తున్నానని మాస్టారు అందరికీ చాటుకున్నారు. టీచరమ్మగారు ఒకసారి అన్నం పంపబోతే ఉడికిన తిండి వల్ల వచ్చే రోగాల మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చి వెనక్కి పంపారు. ఆ వయసులో ఆ నిగ్రహమేమిటని జనం మెచ్చుకున్నారు.

కోడలికి మాత్రం రోజురోజుకీ గుబులు పెరుగుతోంది. వాళ్ళ బండ తేలికైపోతోంది. బండ ఎత్తి చూసిన ప్రతిసారీ ఆమెకు బాబాయి గిన్నే కళ్ళ ముందు కనిపించేది. పైగా అత్తగారొకావిడ, వంట దించాక పొయ్యి ఆపడం మర్చిపోయి అలా వదిలేస్తుంది. సరిగ్గా అప్పుడే బాబాయి దిగబడతారు. ఆయన వంటగదులకు రావడం మాన్పించాల్సిందేనని కోడలే అందరినీ కూడగట్టింది. సాయంత్రం కింద మెట్ల దగ్గర అందరూ చేరి, ఆయన మొహం మీదే చెప్పేయాలని తీర్మానమైంది. చెప్పాల్సింది కూడా కోడలే.

ఆ పొద్దున బాబాయి మామూలుగానే గిన్నె పొయ్యి మీద పెట్టి, ఓడల కబురు చెప్పడానికి హాల్లో అత్తగారి దగ్గరికి వెళ్ళారు. కోడలు గిన్నె వైపు చూసింది, ఉప్పు డబ్బా వైపు చూసింది. మూత తీసి పిడికెడు ఉప్పు అందులో పడేసి మూత పెట్టేసింది. ఈ దెబ్బతో జన్మలో మళ్ళీ ఈ గడప తొక్కరని మనసులో మురిసిపోయింది.

దుకాణానికి బయల్దేరుతుంటే మెట్ల మీద అరుపు వినపడింది. కోడలు నవ్వుకుంటూ ఆగింది. తీరా చూస్తే ఆ గొంతు బాబాయిది కాదు.

"ఏమయ్యా, ఓడలు రాకపోతే రాకపోయాయి, సముద్రం మొత్తం పట్టుకొచ్చి ఇందులో పోశావా?"

అది మాస్టారి గొంతు. పచ్చి కూరలు మాత్రమే తినే మాస్టారికి బాబాయి గిన్నెలో ఉప్పు సంగతి ఎలా తెలిసింది? కోడలు చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా పైకి ఎక్కింది.

కరెంటు లేక ఉక్కపోతకు మాస్టారి తలుపు బార్లా తీసి ఉంది. లోపల వయొలిన్ గోడకు వేలాడుతోంది. వంటగట్టు మీద పొయ్యి తుడిచిపెట్టినట్టుంది, దాని పక్కన గొట్టం విప్పేసిన ఖాళీ బండ. కింద చాప మీద గిన్నె మధ్యలో పెట్టుకుని, అటొకరు ఇటొకరు కూర్చుని ఇద్దరూ తింటున్నారు. మాస్టారు ఒక ముద్ద తింటున్నారు, ఒక గుక్కెడు నీళ్ళు తాగుతున్నారు, ఒక మాట తిడుతున్నారు.

"ఉప్పేస్తే ఉడికినట్టా? ఇవాళ కూడా దుంప మధ్యలో పచ్చిగానే ఉంది. ఇళ్ళవెంట తిరిగి అప్పు మంట మీద వండితే వంట అవదని నేను మొదటిరోజే చెప్పాను."

"మొత్తం తింటేగాని ఏ మాటా చెప్పకూడదని మన పందెం. కానివ్వండి."

"తింటున్నాగా. నీది తప్పని తేల్చడానికి నాకీ శిక్ష."

అంటూనే మాస్టారు గిన్నె అడుగు గీకి మరో ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఉప్పుకు ఆయన కళ్ళమ్మట నీళ్ళు వస్తున్నాయి. అయినా ఒక్క మెతుకు వదలడంలేదు. ఆ రోజుకు ఆయన కడుపులో పడే వేడి తిండి అదొక్కటేనని కోడలికి అర్థమైంది. చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే మెట్ల మలుపులో కూలబడిపోయింది.

ఖాళీ గిన్నెతో దిగివస్తున్న బాబాయి ఆమెను చూసి ఉలిక్కిపడ్డారు. ఉప్పు వేసింది తనేనని కోడలు ముందే చెప్పేసింది. బాబాయి కోప్పడలేదు. పక్కనే మెట్టు మీద కూర్చుని, గొంతు బాగా తగ్గించి అసలు సంగతి చెప్పారు. యుద్ధం మొదలైన వారంలోనే మాస్టారి బండ అయిపోయిందట. చెయ్యి చాచే మనిషి కాదు. పెడతానంటే తినే మనిషి అంతకన్నా కాదు. వాదించమంటే మాత్రం నిద్రలోంచి లేచి వస్తారు. అందుకని ఒకరోజు ఆయన దగ్గరకెళ్ళి, నలుగురి పొయ్యిల మీద మిగిలిన మంటతో పూర్తి వంట చేయొచ్చు, కాదంటారా అని కవ్వించారట. కాదంటే కాదన్నారు మాస్టారు. అయితే రోజూ తిని చూసి చెప్పండి అన్నారట.

"ఆయన తెలివితక్కువవాడేం కాదమ్మా. ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని నాకూ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరం అనుకోం. అనుకుంటే రేపటి నుంచి తినడు."

కోడలు కళ్ళు తుడుచుకుంది. "మరి మీ బండ మంచం కింద ఉందిగా బాబాయిగారూ. దాని మీదే వండి పట్టుకెళ్ళొచ్చుగా?"

బాబాయి గొంతు సవరించుకున్నారు. మెట్ల కిందికీ పైకీ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకున్నారు. "అందరికన్నా ముందు అయిపోయింది నాదేనమ్మా."

"అదేంటి?"

"రోజూ స్నానానికి నీళ్ళు పెట్టి మీ అందరి పొయ్యిలు తగ్గించడానికి బయల్దేరేవాణ్ణి. మాటల్లో పడి తిరిగొచ్చేసరికి గిన్నెలో చుక్క నీళ్ళుండేవి కావు." ఆగి, కాస్త రోషంగా అన్నారు. "సిమ్ములోనే పెట్టాననుకో."

కోడలు ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. మెట్టు మీదే పొట్ట పట్టుకుని నవ్వింది. బాబాయి కూడా కాసేపు గంభీరంగా ఉందామని చూసి, లాభంలేక నవ్వేశారు.

సాయంత్రం కింద మెట్ల దగ్గర మేడంతా చేరింది. బాబాయి గిన్నె ఒళ్ళో పెట్టుకుని దోషిలా ఒక పక్కన కూర్చున్నారు. టీచరమ్మగారు నేరాలన్నీ ఏకరువు పెట్టి, ఇక నువ్వు చెప్పమ్మా అన్నట్టు కోడలి వైపు తిరిగారు. ఉన్నది చెబితే బాబాయి పరువు నిలబడుతుంది గానీ మాస్టారి తిండి ఆగిపోతుంది. పై నుంచి మాస్టారు మెట్ల సందులోంచి వింటూనే ఉన్నారు, ఆయన దగ్గు వినబడుతోంది. చెప్పకపోతే బాబాయికి పొయ్యి దొరకదు, అప్పుడూ ఆ తిండి ఆగిపోతుంది.

కోడలు లేచి నిలబడింది. "ఇవాళ పొద్దున నేను బాబాయిగారి గిన్నెలో పిడికెడు ఉప్పు పోశాను" అంది. అందరూ నోళ్ళు తెరిచారు. "మళ్ళీ మా ఇంటి గడప తొక్కరనుకున్నాను. చూస్తే ఒక్క మెతుకు మిగల్చకుండా గిన్నె ఖాళీ. అంత ఉప్పు హరించుకున్న గిన్నెను మాటలతో ఆపగలమా మనం? నావల్ల కాదు. నేను చేసిన దానికి, రేపటి నుంచి ఆ గిన్నె మా పొయ్యి మీద ముందు పెట్టించి తర్వాతే నా వంట మొదలుపెడతాను."

ఒక్కసారిగా నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్య, ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని అత్తగారు నింపాదిగా అందుకుంది. "నాది పెద్ద వయసు. పొయ్యి ఆపడం రోజూ మర్చిపోతుంటాను. ఆయనొచ్చి ఆపిపోతే మాకే మేలు."

కోడలు అత్తగారి వైపు చూసింది. తను కాపురానికి వచ్చిననాటి నుంచి ఏ రోజు ఏ కూర మాడ్చిందో వరసగా అప్పజెప్పగల మనిషి. పొయ్యి మర్చిపోవడమా? అత్తగారు చూపు తిప్పుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. టీచరమ్మగారికి ఏం చేయాలో పాలుపోక, సరే మా ఇంట్లో మాత్రం రెండో పొయ్యి వాడుకోమనండి, అది చిన్నది అన్నారు. అలా ఆ పంచాయితీ, బాబాయికి ఒక పొయ్యి ఎక్కువ ఇచ్చి ముగిసింది.

ఆ తర్వాత ఒక వింత జరిగింది. బాబాయి గిన్నె రోజురోజుకీ బరువెక్కసాగింది. రెండో అంతస్తులో పెట్టినప్పుడు రెండు దుంపలుంటే, దించేసరికి నాలుగుండేవి. ఒకరోజు కోడలు క్యారెట్లు వేయబోతూ మూత తీస్తే, అప్పటికే అత్తగారు వేసిన బఠాణీలు కనిపించాయి. ఒకరినొకరు ఏమీ అడగలేదు. "ఈ మెట్లు ఎక్కువైపోయాయా, నాకు వయసైపోయిందా?" అని బాబాయి ఆయాసపడుతూ ఎక్కేవారు. పై నుంచి మాస్టారి తీర్పు మాత్రం కాస్త మెత్తబడింది. ఇవాళ ఎందుకో కొంచెం ఉడికినట్టే ఉంది, అయినా రేపు కూడా చూస్తేగాని చెప్పలేను అనేవారు. కోడలి బండ ఎలాగో తట్టుకుంది. గిన్నె మీద గిన్నె పెట్టి ఒకే మంట మీద రెండు వంటలు దించడం ఆమెకు అలవాటైపోయింది. నువ్వు బాబాయిని మించిపోతున్నావని భర్త ఏడిపిస్తే ఏమీ అనుకోలేదు.

చివరికి ఒక ఉదయం రేడియోలో, ఆ దేశాలు పోరు ఆపాయని, సముద్రంలో దారి తెరుచుకుందని చెప్పారు. కొన్నాళ్ళకు గ్యాస్ లారీ మేడ ముందు ఆగింది. లిఫ్టు కూడా కదిలింది. అయిదో అంతస్తుకు నిండు బండ ఎక్కుతుంటే మేడంతా తొంగిచూసింది. మాస్టారు పచ్చి కూరల మీద విరక్తి కలిగిందని ప్రకటించారు.

మర్నాడు బాబాయి ఇల్లిల్లూ తిరిగి, ఇక మంట మీ ఇష్టమని చెప్పి వచ్చారు. ఆయన చేతిలో గిన్నె లేదు. మొహంలో సంతోషమూ అంతగా లేదు. కోడలి వంటగదిలో కాసేపు ఊరికే నిలబడి, "మంచిదేగా తల్లీ, ఓడలొచ్చాయి" అన్నారు. కోడలికి ఆయన్ని చూస్తే జాలేసింది. దుంపలు తరగసాగింది.

అంతలో పై నుంచి కేక వినపడింది. "ఏమయ్యా, ఇవాళ గిన్నె రాలేదేం? ఓడిపోయానని ఒప్పుకున్నావా?"

బాబాయి ఒక్క ఉదుటున మెట్ల దగ్గరికి వెళ్ళారు. "మీకు గ్యాసొచ్చిందిగా మాస్టారూ."

"గ్యాసొస్తే వాదన తేలినట్టా? గిన్నె పట్టుకురా. ఈసారి నా పొయ్యి మీద, నా మంటతో వండి చూపిస్తాను, వంటంటే ఏమిటో."

కోడలు తరిగిన దుంపలన్నీ ఒక పళ్ళెంలో పోసి బాబాయి చేతిలో పెట్టింది. ఆయన కిందికెళ్ళి గిన్నె తీసుకుని, లిఫ్టు సంగతే మర్చిపోయి మెట్లు ఎక్కేశారు. కాసేపటికి అయిదో అంతస్తు నుంచి ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది.

"మాస్టారూ, మంట తగ్గించండి."

"నా గ్యాసు, నా ఇష్టం."

"అది కాదండీ, ఇంకోచోట ఏదో గొడవ మొదలైందని ఇందాకే రేడియోలో..."

అత్తగారు హాల్లో నవ్వుతోంది. కోడలు కూడా నవ్వుకుంటూ, తనకు తెలియకుండానే చెయ్యి చాచి తన పొయ్యి సిమ్ములో పెట్టింది.